ప్రింటర్ ఆగిందని ఎవరికి చెప్పాలి?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత ఉద్దానం ఎలా ఉందో టీవీల్లో చూసే ఉంటారు. తలలు తెగిన కొబ్బరి చెట్లు, వేళ్ళతో సహా పడుకున్న జీడితోటలు, రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళు. నేను రాయబోతున్నది మాత్రం ఆ తర్వాత మొరాయించిన ఒక ప్రింటర్ గురించి. అంత పెద్ద విషయం పక్కన ఇంత చిన్నదా అనిపించొచ్చు. ఆ రోజు క్యూలో నిలబడ్డవాళ్ళకి అది చిన్నగా అనిపించలేదు.

జలంత్రకోట జంక్షన్‌లో మా చిన్నాన్న కొడుకుకి ఒక షాపుంది. జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు, కరెంటు బిల్లులు, అన్నీ బోర్డు మీద ఉంటాయి. లోపల ఒక కంప్యూటర్, ఒక జిరాక్స్ మెషీన్, ఒక చవక లేజర్ ప్రింటర్. ఆ వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఆ కంప్యూటర్‌లో లైనక్స్ ఎక్కించింది నేనే. వచ్చినవాడల్లా పెన్ డ్రైవ్ గుచ్చుతాడు, గుచ్చిన ప్రతిదాంట్లోనూ వైరస్. "దీనికి ఆ గొడవ లేదురా, పైగా ఫ్రీ" అని గొప్పగా చెప్పి, ప్రింటర్ పని చేస్తోందని ఒక పేజీ తీసి చూపించి, హైదరాబాద్ బస్సెక్కేశాను.

తుపాను తర్వాత కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో నష్టపరిహారం కాగితాల కోసం జనం షాపు ముందు వరస కట్టారు. ఆధార్ జిరాక్సు, బ్యాంకు పాసు పుస్తకం జిరాక్సు, మీభూమి సైట్ నుంచి అడంగల్, 1-బి ప్రింట్లు. ఒకరోజు పొద్దున్న ప్రింట్ మధ్యలో కరెంటు పోయింది. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంది కాబట్టి బతికింది. లేజర్ ప్రింటర్‌ని ఎవరూ యూపీఎస్ మీద పెట్టరు, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ కూలబడుతుంది. కాసేపటికి కరెంటొచ్చింది. ప్రింటర్ మీద పచ్చ లైటు వెలిగింది. తమ్ముడు మళ్ళీ ప్రింట్ కొట్టాడు. రాలేదు. ఇంకోసారి కొట్టాడు. తర్వాతి మనిషివి కొట్టాడు. తెర మీద ఎక్కడా తప్పు జరిగిందన్న మాట లేదు.

నాకు ఫోన్ చేశాడు. మీటింగ్‌లో ఉన్నాను, ఎత్తలేదు. గంట దాటాక నేను చేసేసరికి సగం మందిని కంచిలికో సోంపేటకో ఆటోలెక్కి వెళ్ళమని చెప్పి పంపేశాడు.

"ఏటన్నియ్యా ఇది? లైటు పచ్చగానే ఉన్నాది. కొట్టిందల్లా తీసుకుంటాది. ఏటీ రాదు."

టెర్మినల్ తెరిపించి, ఒక కమాండ్‌ని అక్షరం అక్షరం ఫోన్‌లో చెప్పాను. ఎంటర్ కొట్టగానే అవతల ప్రింటర్ చప్పుడు నాకు వినపడింది. ఆగలేదు. పొద్దుట్నించీ నొక్కిన ప్రతి నొక్కూ కాగితమై వస్తోంది. ఒకే మనిషి అడంగల్ నాలుగుసార్లు. ఆ మనిషి అప్పటికే సోంపేటలో ఉన్నాడు. పేర్లు, ఖాతా నంబర్లు, సర్వే నంబర్లు అన్నీ బల్ల మీద కుప్ప పడుతుంటే తమ్ముడు "వొచ్చీస్తున్నాయన్నియ్యా, వొచ్చీస్తున్నాయి" అంటున్నాడు, సంతోషమో ఏడుపో తెలియని గొంతుతో.

ఆ రాత్రి తప్పెవరిదా అని వెతకడం మొదలుపెట్టాను. వెతికితే దొరికింది బగ్ కాదు, చరిత్ర.

లైనక్స్‌లో ప్రింటింగ్ సంగతి చూసే ప్రోగ్రాం పేరు కప్స్. ఒక ప్రింట్ దెబ్బతింటే ఏం చెయ్యాలో చెప్పడానికి అందులో ఒక సెట్టింగ్ ఉంది. కప్స్ మాన్యువల్ ప్రకారం, మనం ఏమీ మార్చకపోతే, అది "ప్రింటర్‌ని ఆపెయ్" అనే ఉంటుంది. మధ్యలో కరెంటు పోయింది, ప్రింటర్ మాయమైంది, ప్రింట్ దెబ్బతింది, కప్స్ ఆ క్యూని ఆపేసింది. కరెంటు తిరిగొచ్చినా అది తనంతట తాను మొదలవదు. ఎవరో వచ్చి మొదలుపెట్టాలి. ఇంకో చిత్రమేమిటంటే, ప్రింటర్ ఆగి ఉందా అన్నది ఒక లెక్క, కొత్త పనులు తీసుకుంటోందా అన్నది ఇంకో లెక్క. రెండింటికీ సంబంధం లేదు. ఆగిపోయిన ప్రింటర్ నిక్షేపంగా పనులు తీసుకుంటూ ఉండగలదు. లోపల ఎవరూ లేని పోస్టాఫీసుకి బయట ఉత్తరాల డబ్బా తెరిచే ఉన్నట్టు. కొన్ని ప్రోగ్రాముల ప్రింట్ డైలాగ్‌లో ప్రింటర్ పేరు పక్కన సన్నగా "పాజ్‌డ్" అని వస్తుంది నిజమే. బ్రౌజర్ సొంత ప్రివ్యూలోంచి కొడితే అదీ కనపడదు.

ఇంత తెలివితక్కువగా ఎవరు చేస్తారు అని మొదట తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, ఇది ఒకప్పుడు చాలా తెలివైన ఏర్పాటు. ఏటీ అండ్ టీ వాళ్ళ సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌లో, 1980ల్లోనే, ప్రింటర్లకి రెండు జతల కమాండ్లుండేవి. ఎనేబుల్, డిసేబుల్ ఒక జత. యాక్సెప్ట్, రిజెక్ట్ ఇంకో జత. అప్పటి కంప్యూటర్ సెంటర్‌ని ఊహించుకోండి. ప్రింటర్ ఒక గదిలో ఉంటుంది. వాడేవాళ్ళు ఇంకెక్కడో టెర్మినళ్ళ ముందు కూర్చుంటారు. మధ్యలో ఆపరేటర్ అనే ఉద్యోగి ఉంటాడు. కాగితం మార్చడానికో, రిబ్బన్ మార్చడానికో ఆయన ప్రింటర్‌ని ఆపుతాడు. ఆపినంతమాత్రాన అందరి పనులూ వెనక్కి కొట్టడం ఎందుకు, క్యూలో పడి ఉంటాయి, మళ్ళీ నడిపించినప్పుడు వస్తాయి. ఏదైనా దెబ్బతింటే ఆపి ఉంచడమే మంచిది, ఆపరేటర్ వచ్చి చూస్తాడు. వేలకొద్దీ కాగితాలు చెత్తగా పోయే ప్రమాదం ఉన్నచోట ఇంతకంటే మంచి పద్ధతి ఏముంటుంది?

నా వయసు వాళ్ళు దీని ఆఖరి ఛాయలు ఇంజినీరింగ్ కాలేజీల్లో చూశారు. మా ల్యాబ్‌లో ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, అంచుల్లో చిల్లులున్న కాగితం, దాని పక్కన ఒక ల్యాబ్ అసిస్టెంట్ ఉండేవారు. ప్రింటర్ ఆగితే మనం తాకకూడదు. "సార్, ఆగిపోయింది" అనాలి. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, లేచి వచ్చి, కాగితాన్ని రెండు పళ్ళు వెనక్కి తిప్పి, ఒక బటన్ నొక్కి వెళ్ళిపోయేవారు. ఎర్రర్ మెసేజ్ చదవాల్సిన అవసరం మాకెప్పుడూ రాలేదు. చదివే మనిషి ఉండేవాడు.

ఆ మనిషికి రాసిన మెసేజ్‌లు ఎలా ఉండేవో చూడాలంటే లైనక్స్ కెర్నల్‌లో పాత ప్యారలల్ పోర్ట్ డ్రైవర్ చదవాలి. పాత ప్రింటర్ కేబుల్‌లో ప్రింటర్ నుంచి కంప్యూటర్‌కి కబురు తెచ్చే తీగలు ఐదే ఐదు. బిజీగా ఉన్నాను, అందింది, కాగితం లేదు, ఆన్‌లైన్‌లో ఉన్నాను, ఏదో తప్పు. ఆ ఐదు తీగలతోనే ప్రింటర్ తన కష్టసుఖాలు చెప్పుకోవాలి. కాగితం తీగ మోగితే డ్రైవర్ "కాగితం అయిపోయింది" అని రాస్తుంది. ఆన్‌లైన్ తీగ లేకపోతే "ఆఫ్‌లైన్" అని రాస్తుంది. ఈ రెండూ కాకుండా తప్పు తీగ ఒక్కటే మోగితే ఏం రాస్తుందో తెలుసా? "ఎల్‌పీ0 ఆన్ ఫైర్". సున్నా నంబరు ప్రింటర్ తగలబడుతోంది అని! కాగితం ఉంది, ఆన్‌లైన్‌లోనే ఉంది, అయినా తప్పు ఉందంటోంది, మరింకేమై ఉంటుంది, తగలబడుతూ ఉండాలి. ఇది లైనక్స్ కంటే పాత యూనిక్స్ జోకు. సిస్టమ్ నడిపేవాళ్ళ మధ్య నడిచే నవ్వులాట. నాకూ నవ్వొస్తుంది. షాపులో ఒంటరిగా కూర్చున్న కుర్రాడికి రాదు.

అదే ఫైల్‌లో జోకు కానిది ఇంకొకటి ఉంది. అది నన్ను ఎక్కువ పట్టుకుంది. కాగితం అయిపోయిందని డ్రైవర్‌కి తెలుసు. ఆ సంగతి పై ప్రోగ్రాముకి చెప్పాలి. కానీ యూనిక్స్‌లో పైకి చెప్పడానికి ఒక నంబర్ల జాబితాలోంచే ఏదో ఒకటి ఎంచుకోవాలి, ఆ జాబితాలో కాగితం అనే మాట లేదు. అందుకని ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది ఎంచుకున్నారు. "ఈ పరికరంలో చోటు లేదు." డిస్కు నిండిపోతే వచ్చే ఎర్రరే అది. ట్రేలో కాగితం లేకపోవడం కాస్తా ఒక మెట్టు ఎక్కేసరికి చోటు లేకపోవడం అయింది. అబద్ధమేమీ కాదు, ఒకరకంగా కవిత్వం కూడా. కానీ అది చదివి ఎవరైనా కాగితం కట్ట విప్పుతారా?

ఇక్కడ ఒక పాత కథ చెప్పుకోవాలి. చాలామందికి తెలిసిందే, కానీ నాకు దాని అసలు రుచి తిత్లీ తర్వాతే తెలిసింది. ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్మన్ పనిచేసే రోజుల్లో ప్రింటర్ వేరే అంతస్తులో ఉండేది. కాగితం ఇరుక్కుంటే ఎవరికీ తెలిసేది కాదు, వెళ్ళి చూసేదాకా. స్టాల్మన్ ప్రింటర్‌ని బాగుచెయ్యలేదు, అది ఆయన చేతిలో పని కాదు. ప్రోగ్రాముని మార్చాడు. ఇరుక్కోగానే, ఎవరి పనులైతే క్యూలో ఉన్నాయో వాళ్ళందరి తెరల మీదా ఆ కబురు వచ్చేలా చేశాడు. కబురు అందుకున్నవాళ్ళకే ప్రింట్ అవసరం కాబట్టి ఎవరో ఒకరు లేచి వెళ్ళేవారు. తర్వాత, 1980 ప్రాంతంలో, జిరాక్స్ కంపెనీ ఆ ల్యాబ్‌కి కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. ఎన్నో రెట్లు వేగం. అదీ ఇరుక్కునేది. ఈసారి సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఆ కోడ్ ఉన్న కార్నెగీ మెలన్ పరిశోధకుడిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం రాసిచ్చాను అన్నాడు. స్టాల్మన్‌కి అది మనసులో నాటుకుపోయింది. 1983 సెప్టెంబర్ 27న గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఈ కథంతా సామ్ విలియమ్స్ రాసిన స్టాల్మన్ జీవితచరిత్ర (2002) మొదటి అధ్యాయంలో ఉంది.

ఈ కథని అందరూ సోర్స్ కోడ్ కథగానే చెబుతారు. నేనూ కాలేజీలో అలాగే చెప్పేవాణ్ణి. కానీ ఆయన కోరుకున్నది ఏమిటి? ప్రింటర్ ఆగిందన్న కబురు, ఎవరు ఎదురుచూస్తున్నారో వాళ్ళకి, వాళ్ళు ఉన్నచోటికి చేరాలి. అంతే. ఆ కోరిక నుంచి పుట్టిన ఉద్యమం వల్లనే మా తమ్ముడి కంప్యూటర్‌లోకి ఉచితంగా లైనక్స్ వచ్చింది. సోర్స్ కోడ్ మొత్తం వచ్చింది. కబురు మాత్రం రాలేదు.

ఎక్కడ తప్పిపోయింది? ఒక్కచోట అనలేను. 1990ల్లో లైనక్స్ మీద ప్రింటింగ్ అంటే బర్కిలీ యూనిక్స్ నుంచి వచ్చిన ఎల్‌పీడీ. దాని పద్ధతిని 1990లో ఒక ఆర్‌ఎఫ్‌సీగా రాసిపెట్టారు. అందులో ప్రింటర్ పరిస్థితి అడిగితే వచ్చే జవాబు ఇలా ఉండాలన్న నియమమే లేదు, ఎవరికి తోచిన వాక్యం వాళ్ళు పంపొచ్చు. మనిషి చదవాలి తప్ప ప్రోగ్రాముకి అర్థం కాదు. దీన్ని మార్చడానికి 1999లో ఐపీపీ అనే కొత్త ప్రోటోకాల్ వచ్చింది. అదే ఏడాది మైకేల్ స్వీట్, ఈజీ సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్స్ అనే తన చిన్న కంపెనీ నుంచి, ఐపీపీ పునాది మీద కట్టిన కప్స్‌ని విడుదల చేశాడు. ఐపీపీలో ప్రింటర్ తన బాధ చెప్పుకోవడానికి పెద్ద పదకోశమే ఉంది. కాగితం లేదు, కాగితం ఇరుక్కుంది, టోనర్ తగ్గింది, మూత తెరిచి ఉంది, బయటికొచ్చే ట్రే నిండిపోయింది. లోపల మరీ వేడెక్కిపోయింది అనేది కూడా ఉంది. "ఆన్ ఫైర్"కి మర్యాదస్తుల రూపం అన్నమాట. ఒక్కోదానికి చివర ఇది సమాచారమా, హెచ్చరికా, తప్పా అని తోక కూడా తగిలించొచ్చు. ఐదు తీగల కాలం నుంచి చూస్తే ఇది ఎంత దూరం!

కానీ ఆ రోజుల్లోనే వెలువడిన ఐపీపీ లక్ష్యాల పత్రంలో మనుషుల్ని మూడు పాత్రలుగా విడదీశారు. వాడుకరి, ఆపరేటర్, అడ్మినిస్ట్రేటర్. ప్రింటర్‌ని ఆపడం, మళ్ళీ నడిపించడం వాడుకరి పని కాదు. అక్కడ కూర్చుని ఉన్నాడు మన పాత ఆపరేటర్! మెయిన్‌ఫ్రేమ్ గదులు పోయాయి, ఆ ఉద్యోగం పోయింది, ఆయనకి రాసే ఉత్తరాలు మాత్రం పాత చిరునామాకే వెళ్తున్నాయి. ఇంట్లో ఒక్క ప్రింటర్, ఒక్క మనిషి ఉన్నచోట కూడా కప్స్ తన గోడు ఎర్రర్ లాగ్ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. ఆ ఫైల్ మామూలు మనిషికి ఎక్కడుందో తెలియదు. తెలిసినా, చాలాచోట్ల పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు.

మన ఊళ్ళలో ఆపరేటర్ అన్న మాటకి వేరే బతుకుంది. కంప్యూటర్ ఆపరేటర్, డీటీపీ ఆపరేటర్, డేటా ఎంట్రీ ఆపరేటర్. పలాసలో పెళ్ళి కార్డు అచ్చు వేయించుకోవాలన్నా, మండలాఫీసులో కాగితం కావాలన్నా ఆపరేటర్ కావాలి. మా తమ్ముణ్ణి కూడా అలాగే పిలుస్తారు. ఐపీపీ రాసినవాళ్ళ మూడు పాత్రలూ వాడే. ఆ మూడింటిలో దేనికి రావాల్సిన కబురూ వాడికి రాలేదు.

ఈ బాధ మా తమ్ముడితో మొదలైంది కాదు. 2004 ఫిబ్రవరిలో ఎరిక్ రేమండ్ ఒక వ్యాసం రాశాడు. ఓపెన్ సోర్స్ గురించి పుస్తకాలు రాసిన మనిషి, ప్రోగ్రామర్లలో పెద్ద తలకాయ. ఆయన ఇంట్లో ఒక కంప్యూటర్‌కి తగిలించిన ప్రింటర్‌కి ఇంకో కంప్యూటర్ నుంచి ప్రింట్ ఇద్దామనుకున్నాడు. కప్స్ సెటప్ తెరలు ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టాయి. ఇదే మా టిల్లీ అత్త అయితే ఎక్కడ చిక్కుకునేదో అని ఒక్కో తెర దగ్గరా ఆగి రాశాడు. ఏమీ తెలియకుండా ఉండగలగడం వాడుకరికి మనం ఇవ్వాల్సిన విలాసం అన్నది ఆయన వాదన. వ్యాసం బాగా గొడవ రేపింది, స్వీట్ కూడా స్పందించాడు. చదివినప్పుడు నాకు రేమండ్ మీద జాలి కలిగింది కానీ టిల్లీ అత్త మీద కొంచెం అనుమానం కూడా వేసింది. ఆమె ఎప్పుడూ ఊహే. ఆమెకి మాటలు రావు. ఆమె తరఫున ప్రోగ్రామరే మాట్లాడతాడు. మా ఊరి అత్తలు అంత మెత్తగా ఉండరు.

ఒక ఉదాహరణ. తుపాను తర్వాతి ఏడాది ఒక అప్‌డేట్ వచ్చి ఆ ప్రింటర్ మళ్ళీ ఆగింది. ఈసారి తెర మీద మాట కనపడింది. "ఫిల్టర్ ఫెయిల్డ్". లైనక్స్ వాడిన ప్రతివాడికీ ఈ రెండు మాటలు తెలుసు. కప్స్ భాషలో ఫిల్టర్ అంటే డాక్యుమెంటుని ప్రింటర్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చే చిన్న ప్రోగ్రాము. ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా నడుస్తాయి. వాటిలో ఏది పడిపోయినా, ఎందుకు పడిపోయినా, పైకి వచ్చే మాట ఇదొక్కటే. తమ్ముడు దాన్ని నాకు ఫోన్‌లో గట్టిగా చదివాడు. కౌంటర్ ముందు భర్త పెన్షన్ కాగితాల కోసం వచ్చిన ఒక పెద్దామె ఉంది. ఆయనకి డయాలసిస్ నడుస్తోంది.

"ఏ ఫిల్టరు నాయినా ఫెయిలయ్యింది?" అని ఆమె అడగడం నాకు ఫోన్‌లో వినపడింది.

ఉద్దానంలో ఫిల్టర్ అంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పాలి. కిడ్నీ జబ్బు ఇళ్ళకి ఇళ్ళని పట్టిన ప్రాంతమది. కారణమేమిటో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్ళే అనుకుని ఫిల్టర్ నీళ్ళు కొనుక్కుంటారు. కిడ్నీ అంటే ఏమిటని అడిగితే ఒంట్లో ఫిల్టరమ్మా అని డాక్టర్లు చెబుతారు. ఆ ఊళ్ళో ఆ కౌంటర్ ముందు ఆ మాట పైకి చదివాడు వీడు. తప్పు వాడిది కాదు, ఆ మాట రాసినవాళ్ళదీ కాదు. వాళ్ళు ఇంకో ప్రోగ్రామర్‌ని ఊహించుకుని రాశారు. నాకు మాత్రం చాలాసేపు నోట మాట రాలేదు.

తెలుగులోకి మారిస్తే సరిపోతుందా? గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లకి తెలుగు అనువాదాలున్నాయి, హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి సంస్థలు ఏళ్ళ తరబడి ఆ పని చేశాయి. కప్స్‌తో పాటు వచ్చే అనువాదాల్లో జర్మన్, జపనీస్, స్పానిష్, రష్యన్ ఉన్నాయి. తెలుగు లేదు. ఉంటే ఎలా ఉండేదో నాకు తెలుసు, నేనైనా అలాగే చేసేవాణ్ణి. "వడపోత విఫలమైనది."

మా జిల్లావాడు గిడుగు రామమూర్తి గుర్తొస్తాడు ఇక్కడ. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు, ఎన్నో ఏళ్ళు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పాడు. ఆయన్ని మనం వ్యావహారిక భాష అనే ఒక్క ముక్కతో గుర్తుపెట్టుకున్నాం. అంతకుముందే ఆయన సవరల మాట వినడానికి కొండలెక్కాడు, వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాశాడు. ఆయన సవర మాన్యువల్ 1931లో వచ్చింది. గ్రాంథికంతో ఆయన తగవు పాండిత్యం మీద కాదని నాకనిపిస్తుంది, ఆయన దగ్గర అది దండిగానే ఉంది. రాసే మాట ఎవరి చెవికి చేరాలన్నదే తగవు. ఎర్రర్ మెసేజ్‌లది కూడా ఒక గ్రాంథికమే. ఇంగ్లీషులో ఉన్నా గ్రాంథికమే, అందులోంచి తెలుగు చేసినా గ్రాంథికమే.

మార్పు అసలు రాలేదంటే అన్యాయమవుతుంది. రెడ్ హాట్‌లో టిమ్ వా రాసిన ప్రింటర్ సెట్టింగ్స్ ప్రోగ్రాములో ప్రశ్నలడుగుతూ తప్పు వెతికిపెట్టే ఒక విజర్డ్ ఉండేది. నిజంగా మర్యాదైన వస్తువు. గ్నోమ్ 3 వచ్చాక కాగితం అయిపోయింది, టోనర్ తగ్గింది అని తెర మీద చిన్న చీటీ రావడం మొదలైంది. 2010లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తర్వాత డ్రైవర్ అక్కర్లేని ప్రింటర్లు పెరిగాయి, అవి తమ బాధ ఐపీపీలో తామే చెప్పుకుంటాయి. కప్స్ కోడ్‌ని 2007లో ఆపిల్ కొనుక్కుంది, స్వీట్‌ని ఉద్యోగంలోకి తీసుకుంది. 2019 చివర్లో ఆయన బయటికొచ్చాక ఆ పని ఓపెన్‌ప్రింటింగ్ అనే సముదాయం కింద నడుస్తోంది. రాబోయే కప్స్‌లో పాత డ్రైవర్ల పద్ధతే ఉండదంటున్నారు.

కానీ జలంత్రకోటలో కొత్త ప్రింటర్ ఎవరు కొంటారు? మన నెట్ సెంటర్లన్నీ పాత చవక లేజర్ల మీదే నడుస్తాయి. ఉదాహరణకి హెచ్‌పీ లేజర్‌జెట్ 1020నే తీసుకోండి, ఎన్ని షాపుల్లో చూశానో లెక్క లేదు. గట్టి మెషీన్. ధర తగ్గించడం కోసం దాన్ని నడిపే ఫర్మ్‌వేర్‌ని దాంట్లోనే నిలవ ఉంచలేదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి ఫర్మ్‌వేర్ పంపాలి. అంటే కరెంటు పోయిన ప్రతిసారీ అది తానెవరో మర్చిపోతుంది. లైనక్స్‌లో దానికి మళ్ళీ గుర్తుచేసే పని చాలాకాలం రిక్ రిచర్డ్‌సన్ అనే ఒకాయన కష్టపడి తయారుచేసిన ఉచిత డ్రైవర్ మీద ఆధారపడింది. రోజుకి రెండుసార్లు కరెంటు పోయే ఊళ్ళో ఇలాంటి మెషీన్ ఉంటుందని దాన్ని గీసినవాళ్ళు అనుకుని ఉండరు.

మా తమ్ముడు లైనక్స్ తీసెయ్యలేదు. నా మీద గౌరవంతో కాదు, వైరస్‌ల భయంతో. నేను మాత్రం రెండు పనులు చేశాను. మొదటిది ఒక్క లైను. తప్పు జరిగితే ఆపెయ్ అన్న సెట్టింగ్‌ని మళ్ళీ ప్రయత్నించు అని మార్చాను. రెండోది ఒక చిన్న స్క్రిప్ట్. నిమిషానికోసారి ప్రింటర్‌ని ఎలా ఉన్నావని అడిగి, ఏదైనా తేడా ఉంటే తెర మధ్యలో పెద్ద అక్షరాలతో చూపిస్తుంది. మెసేజ్‌లు నేనే తెలుగులో రాశాను. మొదటిది ఇది: "ముద్రణ యంత్రం నిలిపివేయబడినది. దయచేసి పునఃప్రారంభించండి."

"ఇదెవుడికి రాసినావన్నియ్యా?" అన్నాడు.

రెండోసారి కాస్త తేలిక చేశాను. దానికీ పెదవి విరిచాడు. మూడోసారి కీబోర్డు వాడి ముందుకే జరిపాను. వాడు రాసుకున్నది ఇది: "కరెంటు పోయొచ్చింది. కంగారు పడకు. మళ్ళీ ప్రింటు కొట్టకు, కొట్టినవే వస్తాయి." చివరి ముక్క నాకు తట్టనే లేదు. ఆ ఒక్క ముక్క ఉండి ఉంటే ఆ రోజు బల్ల మీద కుప్ప పడేది కాదు.

మిగతావి నేను రాసినవే ఉంచాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు షాపులో కూర్చుని ఉంటే వాటిలో ఒకటి తెర మీదకొచ్చింది. ఐపీపీ పదకోశంలోంచి నేను మాటకి మాట మార్చింది. "తలుపు తెరిచి ఉంది." ప్రింటు కోసం నిలబడ్డ పెద్దాయన అది చదివి, వెనక్కి తిరిగి, వెళ్ళి షాపు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. తమ్ముడు నా వైపు చూశాడు. ప్రింటర్ మూత నొక్కి, కీబోర్డు దగ్గరికి లాక్కుని, తలుపు అన్న మాట కొట్టేసి మూత అని రాశాడు.